ఒంటిగంటా నలభై

ఫిబ్రవరి నెల సముద్రపు పోటు పట్టీని గంగబాబు శుక్రవారం సాయంత్రం ఆరింటికి చందాదారుల ఫోన్లకి పంపాడు. శనివారం ఉదయం ఏడున్నరకి అది 'మొగ కబుర్లు' వాట్సాప్ గ్రూపులో ఉంది. గంగబాబు పేరు లేదు. పాస్‌వర్డ్ లేదు. ఇరవై ఎనిమిది రోజుల టైములు ఒకదాని కింద ఒకటి ఎవరో చేత్తో టైపు చేసి పెట్టారు. పదకొండు మంది దండం బొమ్మ పెట్టారు.

మొగపాలెం ఉప్పలగుప్తం దాటాక సముద్రం ఒడ్డున ఉంది. ఊరి పడవలు కాలువలో ఆగుతాయి. కాలువ సముద్రంలో కలిసే చోటే మొగ. మొగకి అడ్డంగా ఇసుక మేట వేసి ఉంటుంది. పోటు నిండినప్పుడు మేట మీద నీళ్ళుంటాయి, చేపల బరువుతో వచ్చే పడవ దాటుతుంది. పోటు తీసి పాటు మొదలయ్యాక కాలువ నీళ్ళు బయటికి లాగుతాయి, సముద్రం లోపలికి కొడుతుంది. రెండూ కలిసిన చోట అల లేచి నిలబడుతుంది. ఆ టైములో వచ్చిన పడవ తిరగబడుతుంది. పట్టీ రాకముందు పదేళ్ళలో ఊళ్ళో ముగ్గురు అలా పోయారు.

సర్కారు లెక్కల్లో పోటు టైములు కాకినాడకి ఉన్నాయి, మొగపాలేనికి లేవు. ఇక్కడికీ అక్కడికీ ఇరవై నిమిషాలు తేడా అని ఊళ్ళో అనుకునేవారు. గంగబాబు ఆ ఊళ్ళో పుట్టినవాడే. అమలాపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు ల్యాబు చూస్తాడు. కాలేజీలో చేరిన ఏడాది ఒక సరుగుడు గుంజకి గాట్లు పెట్టి మొగ పక్కన పాతాడు. పదకొండేళ్ళ కొలతల్లో ఆ తేడా పద్నాలుగు నిమిషాల నుంచి యాభై దాకా మారింది. మేట జరిగినా, గోదారి నీళ్ళు వదిలినా, గాలి తిరిగినా మారింది. వాటన్నిటికీ లెక్క కట్టి నెలనెలా పట్టీ వేస్తాడు. పట్టీ వచ్చాక మొగలో పడవ పోలేదు.

మొదట్లో కాగితం మీద రాసి ఇచ్చేవాడు. రెండేళ్ళ నుంచి ఫోన్లకి పంపుతున్నాడు, చందా పెట్టాడు. జనవరిలో ఎవరో దాన్ని గ్రూపులో పెడితే ఫిబ్రవరికి పాస్‌వర్డ్ పెట్టాడు, ప్రతి పేజీకి అడ్డంగా కొన్నవాడి పేరు వేశాడు. టైపు చేసేవాడికి అవేవీ అడ్డం కాలేదు.

"ఈ పట్టీ నాది. పెట్టినవారు తీసేయాలి" అని గ్రూపులో రాశాడు.

రెండు నిమిషాలకి ధనరాజు నుంచి జవాబొచ్చింది. ధనరాజు గంగబాబు భార్య దుర్గాదేవికి తమ్ముడు. తండ్రి త్రిమూర్తులుతో కలిసి పడవ నడుపుతాడు.

"బావగారూ, చిన్న డౌటండీ. పోటు మీరు తెప్పిస్తున్నారాండీ?"

నవ్వు బొమ్మలు వరస కట్టాయి. గంగబాబు అవి ఆగేదాకా చూశాడు.

"పోటు సముద్రానిది. లెక్క నాది. పదకొండేళ్ళ పని అది."

"పొద్దు ఎన్నింటికి పొడుస్తుందో కేలండర్లో ఉంటుంది కదండీ. దానికి ఎవరికైనా చందా కడుతున్నామా?"

"కేలండర్ కొనుక్కుంటావు కదా."

"లేదండి. ఎరువుల కొట్టోళ్ళు ఊరికే ఇస్తారు."

మళ్ళీ నవ్వులు. గ్రూపు నడిపే బుచ్చిరాజు, ఐసు వ్యాపారి, మధ్యలోకి వచ్చాడు. "మేస్టారు కష్టం మనం కాదనకూడదండి. కానీ ఫోన్లో పడ్డదాన్ని ఎవరాపుతారు చెప్పండి. ఒకరికి తెలిసిన టైము పక్క పడవకి చెప్పకుండా ఉంటారా? చెప్పకపోతే మనిషేనా వాడు?"

"నోటితో చెప్పుకోండి. నెల పట్టీ మొత్తం దించి పెట్టడం వేరు" అన్నాడు గంగబాబు. "అందరూ ఇలా తీసుకుంటే వచ్చే ఏడు నేనెందుకు కొలవాలి?"

"దసరాకి కొత్త సినిమా మా అక్క ఫోన్లో చూసింది ఎవరండీ బావగారూ? ఆ లింకు పంపింది నేనే. అప్పుడు ఆ సినిమా తీసినోడు అడగలేదు గాబోలు, నేనెందుకు తియ్యాలీ అని."

గంగబాబు ఏదో టైపు చేసి చెరిపేశాడు. ధనరాజు ఈసారి నవ్వు బొమ్మ లేకుండా రాశాడు.

"ఇంకోటండీ. గుంజ మీరు పాతేరు. కానీ రోజూ పొద్దున్నే మొగ దాకా నడిచెళ్ళి ఎన్ని గాట్లు మునిగేయో చూసి మీకు ఫోన్ చేసేది మా నాన్న. ఎనిమిదేళ్ళయింది. వానలోనూ వెళ్ళేడు, జ్వరంలోనూ వెళ్ళేడు. పట్టీ మీద పేరు మాత్రం మీదొక్కరిదే."

ఆ మెసేజికి నలభై మంది బొటనవేలు పెట్టారు.

అది నిజమే. త్రిమూర్తులు రోజూ ఉదయం ఆరింటికి ఫోన్ చేస్తాడు. "నాలుగు గాట్లండి అల్లుడుగారూ" అంటాడు, పెట్టేస్తాడు. అందుకు గంగబాబు ఆయనకి పట్టీ ఊరికే పంపుతాడు. ఆయన చదవలేడు. మిగతా వేళ ఆయన ఫోను ధనరాజు చేతిలో ఉంటుంది.

ఒకసారి త్రిమూర్తులు ఒక మాట చెప్పాడు. "పాత తూము గోడ మీద కూడా ఓ గీత గియ్యండి అల్లుడుగారూ. రేపు గుంజ కొట్టుకుపోయినా మీ సున్నా ఎక్కడుందో తెలుస్తుంది." గుంజకి అడుగున ఉన్న గాటు సున్నా. లెక్కంతా అక్కణ్ణుంచే. గంగబాబు గీత గియ్యలేదు. గోడ మీద గీత ఉంటే ఎవరైనా చూసి కొలుచుకోగలరు. గుంజ మీది గాట్లకి అంకెలు కూడా వెయ్యలేదు. ఏ గాటు ఎంతో అతని నోటుబుక్కులో మాత్రమే ఉంది.

సోమవారం కాలేజీలో అన్నం తినేటప్పుడు బ్లెస్సీ దగ్గర ఈ గొడవ ఎత్తాడు. బ్లెస్సీది రాజోలు. కంప్యూటర్ పాఠాలు చెబుతుంది.

"టైముకి హక్కు ఉండదండి గంగబాబుగారూ" అంది ఆవిడ. "నిజం ఎవరిదీ కాదు కదా. మీరు పట్టీ వేసిన తీరుకి ఉంటుందేమో. అది కూడా లాయర్ని అడగాలి."

"అయితే దొంగని పట్టుకునే దారే లేదా?"

"పట్టుకోవచ్చు. పూర్వం పటాలు గీసేవాళ్ళు లేని వీధి ఒకటి పటంలో పెట్టేవారట. ఇంకొకడి పటంలో ఆ వీధి కనబడితే వీడు కాపీ కొట్టాడని తెలిసిపోయేది."

గంగబాబు చెయ్యి కంచంలో ఆగింది. ఆవిడ అది చూసింది.

"మీరు అలాంటి పని పెట్టుకోకండి. లేని వీధిలో ఎవరూ నడవరు. లేని పోటు మీద పడవలొస్తాయి."

"పడవలు కదలని రోజు ఒకటుంది మేడమ్" అన్నాడు గంగబాబు.

అది గంగాలమ్మ తీర్థం. మార్చిలో రెండో ఆదివారం పడింది. తీర్థం రోజు మొగపాలెంలో పడవ తాడు విప్పరు. ఊరేర్పడ్డప్పటి నుంచీ విప్పలేదని చెబుతారు. గంగబాబు తన చిన్నతనం నుంచి చూసిన తీర్థాలన్నీ గుర్తు చేసుకున్నాడు. ఒక్క పడవ కూడా గుర్తుకు రాలేదు.

ఆ ఆదివారం పగటి పోటు మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి నిండుతుంది. మార్చి పట్టీలో నలుగురు చందాదారులకి అదే పంపాడు. త్రిమూర్తులు ఫోనుకి వెళ్ళే పట్టీలో ఒంటిగంటా నలభై అని మార్చాడు. మార్చే ముందు రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగి వచ్చాడు. తర్వాత పంపాడు.

మర్నాడు గ్రూపులో పట్టీ వచ్చింది. గంగబాబు వేలితో కిందికి జరుపుతూ రెండో ఆదివారం దగ్గర ఆగాడు. ఒంటిగంటా నలభై.

అతను ఇంట్లో చెప్పలేదు. గ్రూపులో మాత్రం రాశాడు: "దొంగ ఎవరో నాకు తెలిసింది. తీర్థం నాడు పందిట్లో పెద్దల ముందు రుజువుతో చెబుతాను."

"ముహూర్తం పెట్టించేరాండీ బావగారూ? ఇప్పుడే చెప్పేయండి, పందిరి ఖర్చు కలిసొస్తుంది" అని ధనరాజు.

"ఊరందరినీ దొంగలంటున్నారు మేస్టారు" అని ఇంకెవరో. "రేపు మా ఊరి గాలి కూడా ఆయనదే అంటారు" అని మరొకరు. ఆ తర్వాత రాసిన మాటలు కొన్ని బుచ్చిరాజు తీసేశాడు. ఆ సాయంత్రం గంగబాబు గ్రూపులోంచి బయటికి వచ్చేశాడు.

"మా తమ్ముడితో గొడవేంటండి?" అని దుర్గాదేవి అడిగింది.

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే వాడు నాకెందుకు ఫోన్ చెయ్యట్లేదు?"

ఉదయం ఆరింటి ఫోన్లు మాత్రం ఆగలేదు. "మూడు గాట్లండి అల్లుడుగారూ." "అయిదు గాట్లండి అల్లుడుగారూ." గంగబాబు రాసుకునేవాడు. సరేనండి మావయ్యా అనేవాడు. ఆ రెండు వారాల్లో ఆయన గొంతు వినడం అతనికి కష్టంగా ఉండేది. పందిట్లో తేలిపోతుంది కదా అనుకున్నాడు.

తీర్థం ఆదివారం ఉదయం ఆ ఫోన్ రాలేదు. తీర్థం పనుల్లో ఉండి ఉంటాడనుకున్నాడు. పదకొండుంబావుకి దుర్గాదేవిని బండి ఎక్కించుకుని అమలాపురం నుంచి బయలుదేరాడు. ఆవిడ ఒళ్ళో సంచి ఉంది. సంచిలో అమ్మవారికి పెట్టే ఎర్ర చీర, పసుపు, ఆత్రేయపురం పూతరేకులు. గంగబాబు చొక్కా జేబులో రెండు పట్టీలు మడత పెట్టి ఉన్నాయి.

ఊరికి కిలోమీటరు ముందు ఒక చిన్న వంతెన ఉంది. తీర్థం రోజు మైకు ఆ వంతెన దగ్గరికే వినిపిస్తుంది. గంగబాబు వంతెన మీద బండి ఆపాడు.

"ఏమైందండి?"

"మైకు వినబడట్లేదు."

"కరెంటు పోయిందేమో."

వంతెన దిగువన టీ కొట్టు ఉంది. బండి అక్కడిదాకా తోసుకెళ్ళి అడిగాడు. "తీర్థం లేదా అండి?"

"మార్చేరు కదండీ" అన్నాడు కొట్టతను. "నిన్న మధ్యాహ్నం అమ్మవారి గరగ తల మీద ఎత్తేవాళ్ళింట్లో పెద్దావిడ పోయింది. వాళ్ళకి మైల. గరగ లేకుండా తీర్థం ఏంటండి? పై ఆదివారానికి మార్చేరు. రాత్రి గ్రూపులో పెట్టేరు కదండీ, మీరు చూళ్ళేదా?"

"మరి పడవలు?"

"పొద్దున్నే వెళ్ళిపోయేయండి. మైల వాళ్ళింటికి, వలకి కాదు కదా. చేప బాగా పడతందని ఆరు పడవలెళ్ళేయి."

గంగబాబు టైము చూశాడు. పన్నెండూ పది. ధనరాజుకి ఫోన్ చేశాడు. పరిధిలో లేరని వచ్చింది. మావయ్య నంబరుకి చేశాడు. అదీ అంతే. మూడోసారి మళ్ళీ మావయ్యకే చేశాడు.

"మా నాన్నకి ఫోన్ చేస్తున్నారేంటి?" అంది దుర్గాదేవి. "ఏమైందో చెప్పండి."

"ఎక్కు. దారిలో చెబుతాను."

"ఇక్కడే చెప్పండి."

చెప్పాడు. మీ వాళ్ళ పట్టీలో ఇవాళ్టి లైను తప్పు, నేనే పెట్టాను, ఊళ్ళో అందరి దగ్గరా ఉన్నది అదే అన్నాడు. పన్నెండూ ఇరవైకి రావలసినవాళ్ళు ఒంటిగంటా నలభైకి వస్తారు అన్నాడు.

దుర్గాదేవి భర్త మొహం చూసింది. పడవ వాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి. ఆ గంటా ఇరవై నిమిషాల్లో మొగలో ఏమవుతుందో ఆవిడకి వివరించనక్కర్లేదు.

"బండి తియ్యండి" అంది.

ఊరు దాటి ఇసుక దారిలో మొగ దగ్గరికి వచ్చేసరికి పన్నెండూ ముప్ఫై అయిదు. ఒక పడవ ఒడ్డున ఉంది. దాని సరంగు సత్తియ్య వల విదిలిస్తున్నాడు. సత్తియ్య ఆ నెల చందా కట్టిన నలుగురిలో ఒకడు. మిగతా ముగ్గురూ వేటకి వెళ్ళలేదు.

"రండి మేస్టారూ" అన్నాడు. "మీ టైముకి సరిగ్గా పన్నెండూ పాతిక్కి దాటేనండి. వెన్నలా వచ్చేసింది."

"మిగతావాళ్ళు?"

"బయట ఉన్నారండి. టైమయింది రండ్రా అంటే, మా పట్టీలో ఇంకా గంట పైన ఉంది, నీదేం పట్టీ అని నవ్వేరు. ఇంకో వల వేసుకున్నారు."

సముద్రంలో అయిదు పడవలు చుక్కల్లా ఉన్నాయి. గంగబాబు గుంజ వైపు చూశాడు. నీళ్ళు పై గాటుకి ఒక వేలు దిగాయి.

"నీ పడవ వేసుకుని వెళ్ళి చెప్పగలవా?"

"ఖాళీ చేసి, తిప్పి, వెళ్ళేసరికి ఒంటిగంటవుద్దండి. నేను తిరిగి రాలేను." సత్తియ్య ఆగాడు. "ఎందుకండీ? వాళ్ళ పట్టీ కూడా మీదే కదా."

గంగబాబు జేబులోంచి రెండు కాగితాలూ తీశాడు. విప్పకుండా సత్తియ్య చేతిలో పెట్టి, వాళ్ళది తప్పు, నేనే పెట్టానన్నాడు. సత్తియ్య కాగితాలు విప్పలేదు. వాటిని పడవ అంచు మీద పెట్టి, ఎగిరిపోకుండా మీద వల గుండు ఒకటి పెట్టాడు.

"గ్రూపులో పెడతానుండండి" అన్నాడు. పెట్టాడు. అది ఊళ్ళోవాళ్ళకి చేరింది. సముద్రంలో ఉన్నవాళ్ళకి చేరలేదని చూపించింది. సిగ్నలు మొగ దగ్గరికి వస్తేగాని అందదు.

"గుడ్డ ఎత్తాలి" అంది దుర్గాదేవి.

ఫోన్లు రాకముందు మొగ బాగులేనప్పుడు ఒడ్డున పొడుగు కర్రకి ఎర్రగుడ్డ కట్టి ఎత్తేవారు. గుడ్డ కనబడితే పడవ మేట బయటే ఆగాలి. పదిహేనేళ్ళుగా ఎవరూ ఎత్తలేదు. దుర్గాదేవి సంచిలోంచి అమ్మవారి చీర తీసింది.

"కర్ర?" అన్నాడు సత్తియ్య. పడవలో వెదుళ్ళు ఉన్నాయి, మనిషెత్తు కూడా లేవు. పందిరి రాటలు ఊళ్ళో ఉన్నాయి. మనిషి వెళ్ళి తెచ్చేసరికి ఇరవై నిమిషాలు.

గంగబాబు గుంజ దగ్గరికి నీళ్ళలోకి దిగాడు.

సత్తియ్యకి అర్థమైంది. "మేస్టారూ, అది పీకితే మళ్ళీ అదే చోట, అదే ఎత్తులో పడదండి."

"తెలుసు."

"వేలెడు తేడా వచ్చినా..."

"పట్టు" అన్నాడు గంగబాబు.

సత్తియ్య, అతని ఇద్దరు కళాసీలు, గంగబాబు. నలుగురూ గుంజని అటూ ఇటూ ఊపారు. పదకొండేళ్ళు ఇసుకలో కూరుకున్న కర్ర. మొదట కదల్లేదు. తర్వాత అడుగున ఏదో వదిలింది, నీళ్ళు బుడగలు వేశాయి. గుంజ పైకి వచ్చింది. సున్నా గాటుకి నాచు పట్టి ఉంది. గుంత రెండు అలల్లో పూడిపోయింది. అది ఎక్కడుందో మూడో అలకి తెలియలేదు.

ఇసుక దిబ్బ మీదికి మోసుకెళ్ళారు. దుర్గాదేవి చీర సగం మడిచి కొనకి ముడి వేసింది. ఎత్తి పట్టుకున్నారు. టైము పన్నెండూ యాభై అయిదు.

ఒంటిగంటా పదికి చుక్కలు కదిలాయి. పడవలు మొగ వైపు తిరిగాయి. ముందు ఒకటి, దాని వెనక రెండు పక్కపక్కన, ఆ వెనక మరో రెండు. మేట మీద అప్పటికే తెల్లటి గీత లేచింది. కాలువ నీళ్ళు చప్పుడు చేస్తూ బయటికి పోతున్నాయి. నిలబడ్డవాళ్ళు గుంజని అటూ ఇటూ ఊపారు. ఎవరూ అరవలేదు. అరుపు అంత దూరం పోదు.

"మావాళ్ళది ఏది?" అంది దుర్గాదేవి.

"రెండో వరస, ఎడమది" అన్నాడు సత్తియ్య.

ముందున్న పడవ ఆగలేదు. నడిపే కుర్రాళ్ళు గుడ్డ ఎత్తడం ఎప్పుడూ చూసి ఉండరు. తీర్థం జెండా అనుకున్నామని తర్వాత చెప్పారు. పడవ తెల్లగీతలోకి వచ్చింది. ముక్కు పైకి లేచింది. దిగేటప్పుడు అడుగు ఇసుకకి తగిలింది, ఇంజను ఒక్కసారి గట్టిగా మోగి ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగింది. ఒకడు నీళ్ళలో పడ్డాడు.

దుర్గాదేవి గంగబాబు చెయ్యి పట్టుకోలేదు. గుంజ పట్టుకుంది.

ఎడమ పడవ అప్పటికి మేట అంచుకి వచ్చింది. అందులో ఒక మనిషి లేచి నిలబడ్డాడు. ఆ దూరంలో మొహం తెలియదు. నిలబడ్డ తీరు చూసి ఒడ్డున ఉన్న అందరూ పోల్చుకున్నారు. త్రిమూర్తులు. చెయ్యి ఎత్తి గుడ్డ వైపు చూపించాడు. వెనక్కి తిరిగి ఇంజను దగ్గరున్నవాడి చేతి మీద కొట్టాడు. పడవ మెల్లగా బయటికి తిరిగింది. పక్క పడవా తిరిగింది. వెనకవి ఆగిపోయాయి.

పాటు నీళ్ళు ఇంజను ఆగిన పడవని మేట మీద నుంచి బయటికే లాగేశాయి. త్రిమూర్తులు పడవ నుంచి తాడు విసిరారు. నీళ్ళలో పడ్డవాణ్ణి జుట్టు పట్టి పైకి లాగారు. అతను పడవలో కూర్చున్నాడు. కూర్చోవడం అందరికీ కనిపించింది.

గంగబాబు ఫోను మోగింది. ధనరాజు.

"బావా, గుడ్డ ఎవరెత్తేరు?"

"నేనే."

"పట్టీలో ఒంటిగంటా నలభై అని ఉంది కదా. ఇంకా టైముంది. నీళ్ళేంటి ఇలా ఉన్నాయి?"

"ఆ లైను నేను తప్పు పెట్టాను. నీ ఒక్కడి కాపీలో. నువ్వే పెడుతున్నావని పట్టుకోవడానికి."

ఫోన్లో గాలి చప్పుడు వచ్చింది.

"తీర్థం రోజు పెట్టేవు" అన్నాడు ధనరాజు చివరికి. "పడవ కదలదని."

"అవును."

"తీర్థం మార్చేరని తెలీదా నీకు? అక్కకి నాన్న చెప్పేడనుకున్నాను. నాన్నేమో నేను చెప్పేననుకున్నాడు." గొంతు మారింది. "ఉండు. నాన్నకి ఇస్తాను."

గంగబాబు నిలబడే చోటు మార్చాడు. మళ్ళీ అక్కడికే వచ్చాడు.

"అల్లుడుగారూ" అంది అవతలి గొంతు. రోజూ ఉదయం ఆరింటికి వినిపించే గొంతు.

"మావయ్యా, నేను..."

"అది తర్వాత. రాత్రి పోటు ఎన్నింటికండి?"

"పన్నెండూ నలభై అయిదుకి."



"అది నిజమేనా అండి?"

గంగబాబు పదకొండేళ్ళలో చాలామందికి చాలా టైములు చెప్పాడు. ఈ మాట ఎవరూ అడగలేదు.

"నిజం మావయ్యా" అన్నాడు. అది చాలదని చెబుతుండగానే తెలిసింది.

"ఆయ్. గుంజ పీకేసినట్టున్నారే."

"పీకేశాం."

"అయితే మీరక్కడే ఉండండి. నీళ్ళు ఎంత దిగేయో, ఎప్పుడు తిరిగేయో చూసి చెప్పండి. గంటగంటకీ చెప్పండి. అయిదు పడవలున్నాయిక్కడ. ఒకదానికి ఇంజను లేదు." ఫోను పెట్టేశాడు.

చూసి చెప్పడానికి గుంజ లేదు. గంగబాబు కాలువ గట్టు వెంబడి పాత తూము దాకా నడిచాడు. తూము గోడకి నీళ్ళు ఆనుతున్నాయి. ఒక మేకు వెతికి తెచ్చి, నీళ్ళ అంచు దగ్గర గోడ మీద గీత గీశాడు. పక్కన టైము చెక్కాడు. రెండింటికి ఇంకో గీత, మూడింటికి ఇంకోటి. గీత గీశాక "జానెడు దిగింది" అని అనేవాడు. దుర్గాదేవి గట్టు మీద కూర్చుని తమ్ముడికి ఫోన్ చేసి ఆ మాట చెప్పేది.

ఊళ్ళోవాళ్ళు వచ్చి చూశారు. సత్తియ్య ద్వారా సంగతి అందరికీ తెలిసింది. కొందరు గంగబాబు వైపు చూసి ఉమ్మేశారు. నీళ్ళలో పడ్డ కుర్రాడి తల్లి మాత్రం దగ్గరికి వచ్చింది.

"చదువుకున్నారు కదా బాబూ" అంది. అతను గోడ వైపు తిరిగే ఉన్నాడు.

బుచ్చిరాజు నాలుగున్నరకి వచ్చాడు. గంగబాబుని మళ్ళీ గ్రూపులో చేర్చానని చెప్పాడు. "మీరే రాయండి మేస్టారూ. సత్తియ్య రాసింది చాలదు."

గంగబాబు గట్టు మీద కూర్చుని రాశాడు. "మార్చి పట్టీలో ఇవాళ్టి లైను తప్పు. దొంగని పట్టడానికి నేనే పెట్టాను. మిగతా లైన్లు సరైనవే. కానీ నమ్మమని అడగను. కొలిచే గుంజ ఇప్పుడు లేదు. ఇవాళ్టి నుంచి తూము గోడ మీద గీతలుంటాయి. ఎవరైనా చూసుకోవచ్చు." పంపాక ఫోను పక్కన పెట్టాడు. అది మోగుతూనే ఉంది. ఎవరేమన్నారో చూడలేదు.

పొద్దు గుంకింది. ఆరున్నరకి నీళ్ళు గోడ అడుగు రాయి దగ్గర ఆగాయి. గంగబాబు మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. పది నిమిషాలు నీళ్ళు కదల్లేదు. ఆ రాయి దగ్గర గీత గీశాడు. అన్నిటికంటే కింది గీత అది. దాని పక్కన టైముతో పాటు సున్నా చెక్కాడు. ఒక చిన్న అల వచ్చి దాన్ని తడిపింది. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. ఈసారి పూర్తిగా వెనక్కి పోలేదు.

"తిరిగింది" అన్నాడు.

దుర్గాదేవి గోడకి దగ్గరగా వచ్చింది. గీతలన్నీ పడేటట్టు ఫోనుతో ఫోటో తీసింది. దాన్ని తమ్ముడికి పంపింది. నల్లబడుతున్న సముద్రం మీద అయిదు దీపాలు వెలిగాయి, మేటకి కాస్త దూరంగా, ఒక వరసలో.

కాసేపటికి ఆవిడ ఫోన్లో మెసేజ్ వచ్చింది. చదివింది. నవ్వలేదు. గంగబాబు చూసేటట్టు ఫోను పట్టుకుంది.

"మిగతా నాలుగు పడవలకీ ఫార్వర్డ్ చేసుకోవచ్చా అని అడుగు బావని."

"ఏం చెప్పమంటారు?" అంది దుర్గాదేవి.

గంగబాబు వంగి గోడ చూశాడు. కింది గీత మునిగింది.

"వేలెడు పెరిగిందని చెప్పు."